ఎడమ బుగ్గ

గడ్డం గీసే కత్తికి రెండు బుగ్గలుంటాయి. నవ్వులాటకి అంటున్న మాట కాదు, పెద్దనాన్న షెడ్డులో దాన్ని అలాగే అంటారు. కత్తి వీపు మందంగా ఉండాలి, అంచు పలచగా ఉండాలి, నడుమ రెండు పక్కలా ఉక్కు లోపలికి పీక్కుపోయి ఉండాలి, జ్వరం తగిలి లేచినవాడి మొహంలాగా. గిరగిర తిరిగే చక్రం, దాని మీదుగా పరిగెత్తే గరుకు బెల్టు, ఆ బెల్టుకు ఆనించి కత్తిని అడ్డంగా లాగే రెండు చేతులు. ఈ మూడూ కలిస్తేనే ఆ గుంటలు పడతాయి. దాన్నే బుగ్గలు తీయడం అంటారు. చూసేవాడికి ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. చేసేవాడికి తల ప్రాణం తోకకొస్తుంది.

గడుగ్గాయి ఆ పని నేర్చుకుంటానని బయలుదేరింది. గడుగ్గాయి అన్నది చిన్నప్పుడు పెద్దనాన్న పెట్టిన పేరు. ముప్పై దాటినా అది ఆమెను వదల్లేదు, ఆమే వదిలించుకోలేదు. షెడ్డుకు నాలుగు వీధుల అవతల ఆమెకు రెండు కుర్చీల సెలూను ఉంది. ఆడమనిషి చేతిలో కత్తి చూసి మొదట్లో మెడలు ముడుచుకున్న మగవాళ్ళే ఇప్పుడు బెంచీ మీద వరుసగా కూర్చుని, కునికిపాట్లు పడుతూ తమ వంతు కోసం ఎదురుచూస్తారు. ఆ సెలూనులో అద్దం కింద సొరుగులో ఒక పిడి ఉంది. నల్లటి కొమ్ముతో చేసి, అరచేతిలో పెడితే చల్లగా జారిపోయేంత నున్నగా రుద్దిన పిడి. పిడే ఉంది, కత్తి లేదు.

సెలూను తెరిచిన రోజున నాన్న ఇచ్చాడు దాన్ని. "కత్తి తరవాత ఇస్తాం. ముందు ఇది నీ చేతికి అలవాటు కానీ," అన్నాడు. నాన్న మాట ఇస్తే తప్పే మనిషి కాదు. కానీ కత్తి పూర్తి కాకుండానే ఒక మధ్యాహ్నం నిద్రలో పోయాడు. అది జరిగి రెండేళ్ళు. కాస్తలో పూర్తి కాకుండా ఆగిపోయిన ఆ కత్తిని పెద్దనాన్న నూనె గుడ్డలో చుట్టి షెడ్డు అటక మీద పెట్టాడు. దాని మీద ఈగను కూడా వాలనిచ్చేవాడు కాదు, తనూ ముట్టుకునేవాడు కాదు.

ఆ పిడికి ఆ కత్తి తొడగాలి. గడుగ్గాయికి ఇంతకుమించి పెద్ద కోరికలేమీ లేవు. ఆ కత్తితో ఒక్క గడ్డమైనా గీయకపోతే నాన్న పోయిన ఆ మధ్యాహ్నం ఎప్పటికీ తెల్లారదని ఆమెకు గట్టిగా అనిపించేది. మధ్యాహ్నం తెల్లారడమేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనీ అనుకునేది.

"పెద్దనాన్నా, ఆ కత్తి ఇచ్చెయ్. ఎవరిచేతనైనా పూర్తి చేయించుకుంటాను," అంది ఒకరోజు షెడ్డు గుమ్మంలో నిలబడి.

పెద్దనాన్న ఎవరిదో కత్తెర సాన పడుతున్నాడు. ఈ రెండేళ్ళుగా ఆయనకి కత్తెరలూ, వంటింటి చాకులూ తప్ప వేరే పని లేదు. తలెత్తకుండానే, "ఎవరున్నారు చేసేవాళ్ళు?" అన్నాడు.

"పోనీ నువ్వు చెయ్యి. ఇంకో రెండు మూడు సార్లు లాగితే అయిపోతుందిగా."

"నా వల్ల కాదు."

"నీ వల్ల కాకపోవడమేంటి? పుట్టి బుద్ధెరిగాక నువ్వు చేసింది ఇదొక్కటేగా."

పెద్దనాన్న కత్తెర పక్కన పెట్టాడు. గడ్డం గోక్కున్నాడు. తమ్ముడు పోయిన దగ్గర్నుంచీ ఆయన గడ్డం తీయలేదు. అది తెల్లగా చొక్కా రెండో బొత్తాం దాకా దిగింది. కత్తులు చేసే ఇంట్లో ఈ పొద ఏమిటని పెద్దమ్మ రోజూ సాధిస్తుంది, ఆయన రోజూ విననట్టు నటిస్తాడు. సంసారం అలా సాఫీగానే సాగుతోంది.

"అయితే నాకు నేర్పు. నేనే చేసుకుంటాను," అంది గడుగ్గాయి.

ఆయన నవ్వి కొట్టిపారేస్తాడనుకుంది. ఆయన నవ్వలేదు. మిషను ఆపి, లేచి వచ్చి, ఆమె రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూశాడు. "నీది ఏ చేతివాటం?"

"కుడి. తెలీదా ఏంటి?"

ఆయన గట్టిగా నిట్టూర్చాడు. "సరే, రేపట్నించి రా."

ఆ నిట్టూర్పు ఎందుకో ఆమెకు చాలా రోజుల దాకా అర్థం కాలేదు.

మధ్యాహ్నాలు సెలూనులో జనం పలచబడ్డాక ఆమె షెడ్డుకు వచ్చేది. రేకుల కప్పు, ఎత్తున ఒకే ఒక్క కిటికీ. అందులోంచి ఎండ ఏటవాలుగా దిగేది, అందులో ఉక్కు పొడి మెల్లగా లేచి మెల్లగా వాలేది. మిషను కింద నీళ్ళ బకెట్టు. దాని మీద పడ్డ వెలుగు పైకి ఎగిరి రేకుల మీద వణుకుతూ ఉండేది. చిన్నప్పుడు నిప్పురవ్వలు కళ్ళలో పడతాయని ఆమెను గుమ్మం దాటనిచ్చేవాళ్ళు కాదు. గుమ్మం మీదే తల ఆనించుకుని, లోపల రెండు వీపులు చూస్తూ, బెల్టు హోరు వింటూ నిద్రపోయేది. ఇప్పుడు లోపలికి అడుగుపెట్టినా ఆ నిద్ర ఇంకా అక్కడే ఉన్నట్టుండేది. గంట గడిచినా ఇందాకే వచ్చినట్టుండేది, ఇందాకే వచ్చినా ఎప్పట్నుంచో ఇక్కడే ఉన్నట్టుండేది.

"చేతికి తొడుగులొద్దు. కళ్ళకంటే ముందు వేళ్ళకి తెలియాలి," అన్నాడు పెద్దనాన్న. "వేలు చురుక్కుమనగానే బకెట్లో ముంచు. ఉక్కు నీలం తిరిగిందో, ఇక దాన్ని పారెయ్యడమే. ఎంత నూరినా పదును నిలవదు."

నేర్చుకోవడానికి పనికిరాని ముక్కలు ఒక డబ్బా నిండా ఇచ్చాడు. ఆమె మొదటి కత్తి కొన నీలం తిరిగింది. రెండోదీ అంతే. ఎన్ని లాగినా నడుమ అంతా బాగానే ఉండేది, కొన దగ్గరికి వచ్చేసరికి ఉక్కు పలచబడి కాలిపోయేది. పెద్దనాన్నకి అంతు చిక్కలేదు. నిలబడి చూశాడు, కూర్చుని చూశాడు, ఆఖరికి ఒక ఉదయం సెలూనుకు వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. ఆయన గడ్డం చూసి బెంచీ మీది వాళ్ళందరూ జరిగి ముందు చోటిచ్చారు, అవసరం చాలా ఉందనుకుని. ఆయన గడ్డం చేయించుకోకుండా, ఆమె చేతిని మాత్రం కళ్ళప్పగించి చూసి లేచి వెళ్ళిపోయాడు.

"నీ మణికట్టుకి మర్యాద ఎక్కువైంది," అన్నాడు ఆ మధ్యాహ్నం. "గీత చివర కత్తిని పైకి లేపుతున్నావు చూడు. సెలూనులో లేపకపోతే తోలు తెగుతుంది. ఇక్కడ లేపితే కొన కాలుతుంది. ఇది ఉక్కమ్మా, దీనికి నొప్పుండదు."

క్షవరం చేసేవాళ్ళు తప్ప ఎవరూ చేయని తప్పు అది. దాన్ని మాన్పించడానికి ఆయన ఆమె మోచేతులు రెండూ పక్కటెముకలకు ఆనించి, బట్టలారేసే తాడుతో కట్టేసినంత పని చేశాడు. పాదాలు కదలకూడదు, చేతులు కదలకూడదు. కదలాల్సింది నడుమొక్కటే, నిలబడి నిద్రపోతున్న మనిషి ఊగినట్టు. కొన్నాళ్ళకి ఆమె అలాగే ఊగడం నేర్చుకుంది. కళ్ళు తెరిచే ఉండేవి గానీ దేన్నీ చూసేవి కావు. రవ్వలు మోకాళ్ళ దాకా రాలి ఆరిపోయేవి. కుడి బుగ్గ నున్నగా, కొన దాకా ఒకే లోతుతో పడింది.

పెద్దనాన్న దాన్ని వెలుగుకి ఎత్తి అటూ ఇటూ తిప్పాడు. "బాగుంది," అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆమె పొంగిపోయి ఇంటికెళ్ళేదాకా నవ్వుకుంటూనే ఉంది.

చిక్కల్లా ఎడమ బుగ్గతో వచ్చింది. ఆ మాటెత్తితే చాలు, పెద్దనాన్నకి ఏదో పని గుర్తొచ్చేది. బకెట్లో నీళ్ళు మార్చాలనేవాడు. బెల్టు అరిగిపోయిందనేవాడు. పెద్దమ్మ పిలుస్తోందనేవాడు, ఆవిడ పక్కింట్లో ఉన్నా సరే. గడుగ్గాయి తనంతట తనే ప్రయత్నించింది. కత్తిని తిప్పి ఎడమ చేత్తో పట్టుకుని లాగితే ఆ బుగ్గంతా గతుకుల రోడ్డయ్యేది. ఆయన ఒకసారి చూసి, అటు తిరిగి ఏదో కత్తెర అందుకునేవాడు.

ఆమెకు ముక్కు మీదే ఉంటుంది కోపం. ఒకరోజు చేతిలో ముక్కని బల్ల మీద పడేసి, "నేర్పనంటే నేర్పనని చెప్పు. ఇలా దాగుడుమూతలు ఆడతావేం?" అంది.

పెద్దనాన్న బల్ల కిందికి వంగి ఒక రేకు పెట్టె బయటికి లాగాడు. మూత తీసి ఆమె ముందుకు నెట్టాడు. పెట్టె నిండా కత్తులే. ఏ కత్తి తీసి చూసినా కుడి బుగ్గ అద్దంలా ఉంది, ఎడమ బుగ్గ నిండా గతుకులు, నీలపు మచ్చలు.

"ఎవరు పాడుచేశారు వీటిని?"

"నేనే," అన్నాడు. "మీ తాత మా ఇద్దరికీ కలిపి ఒక్క మిషనే కొన్నాడు. నాది కుడి చెయ్యి, మీ నాన్నది పుర్ర చెయ్యి. దాని కోసం రోజూ కొట్టుకుంటుంటే మీ తాతకి విసుగొచ్చి, కుడి బుగ్గ వీడిది, ఎడమ బుగ్గ వాడిది, పొండి అన్నాడు. అంతే, అదే మా పద్ధతైపోయింది. మొదటి వంతు వాడు లాగి నా పక్కనున్న చెక్క పలక మీద పెడతాడు. తరవాత నేనొకటి లాగి వాడి పక్క పలక మీద పెడతాను. ఒక బుగ్గే తీసుకుంటూ పోతే కత్తి వంగిపోతుంది కదా, అందుకని వంతు తప్పకూడదు. ఎడమ బుగ్గ ఎలా తీస్తారో నేనెప్పుడూ నేర్చుకోలేదు. వాడుండగా నాకెందుకు?"

"మరి అటక మీది కత్తి?"

పెద్దనాన్న పెట్టె మూత వేశాడు. "ఆ రోజు వాడు తన వంతు లాగి, తుడిచి, పలక మీద పెట్టి, అన్నయ్యా నీ వంతు అన్నాడు. అప్పుడే మీ పెద్దమ్మ భోజనానికి పిలిచింది. తినొచ్చి లాగుతాన్లేరా అన్నాను. తిన్నాక వాడు కాసేపు నడుం వాల్చి వస్తానన్నాడు."

తరవాతిది ఆమెకు తెలుసు. రేకుల మీద వెలుగు వణుకుతూనే ఉంది.

"నా వంతు లాగడానికి నాకెంతసేపు?" అన్నాడు మళ్ళీ. "లాగితే తరవాత వాడి వంతు వస్తుంది. ఎవరు లాగుతారు?"

గడుగ్గాయికి ఏడుపొచ్చింది. ఆపుకోవాలని చూడలేదు, కూర్చుని బాగా ఏడ్చింది. అన్నాళ్ళూ ఆయన మొండికేశాడనుకుంది. ఆయన తన వంతు దగ్గరే ఆగిపోయి నిలబడ్డాడని ఇప్పుడు తెలిసింది. రెండు చేతులూ పట్టుకుని చూసినప్పటి నిట్టూర్పు కూడా ఇప్పుడే తెలిసింది. పుర్ర చెయ్యి కూతురికైనా వచ్చిందేమోనని ఆశపడ్డాడు పాపం.

అది తెలిసినంత మాత్రాన ఎడమ చేతికి పని రాదు. అటక మీది కత్తి అప్పటికే కాగితమంత పలచన. దాని మీద గతుకు పడిందంటే సరిదిద్దడానికి ఉక్కు మిగలదు. నాన్న చేసిన చివరి పని చేజేతులా పోతుంది. ఆ భయంతో ఆమె ముక్కల మీద కూడా వంకరగానే లాగేది.

దారి సెలూనులోనే దొరికింది. ఆ రోజు కుర్చీలో రిటైరైన డ్రాయింగు మాస్టారు. తల వెనక్కి వాల్చగానే నిద్రపోవడం ఆయనకి అలవాటు. బయట ముసురు పట్టింది, లోపల కిటికీ అద్దాల మీద ఆవిరి. ఒక బుగ్గ అయింది. రెండో బుగ్గ మీద ఎడమ చెయ్యి వేసి తోలు లాగి పట్టుకుంది గడుగ్గాయి. కుడి చేత్తో కత్తి దించబోయి ఆగిపోయింది. ఎడమ చెయ్యి ఏం చేస్తోందో ఆమె అంతకుముందు ఎప్పుడూ పట్టించుకోలేదు. అది నెట్టడం లేదు, నొక్కడం లేదు. మెత్తగా, ఒకే బిగువుతో, తన వైపుకి లాగుతోంది. ఇన్నేళ్ళుగా ఎన్ని బుగ్గలనో ఒకేలా లాగింది, ఒక్క మెప్పూ పొందకుండా. మిషను దగ్గర మాత్రం ఆమె ఆ చేతిని కుడి చేతిలా నెట్టమంటోంది.

ఆమె కళ్ళు మూసుకుని ఆ బిగువుని వేళ్ళలోకి ఎక్కించుకుంది. ఎంతసేపలా ఉండిపోయిందో తెలియదు.

"అమ్మాయ్, నేనింకా బతికే ఉన్నాను," అన్నారు మాస్టారు నురగలోంచి.

ఆ మధ్యాహ్నం ఎడమ బుగ్గ మొదటిసారి నున్నగా పడింది. నెట్టకుండా, తోలు లాగినట్టు తన వైపుకి లాగింది, అంతే. అవతల రాయి మీద పెద్దనాన్న చాకు నూరడం ఆపేశాడు. వెనక్కి తిరగలేదు. బెల్టు హోరు అతుకు లేకుండా ఒకే తీరున సాగుతుంటే వింటూ నిలబడ్డాడు.

ఇక మిగిలింది ఎక్కడ ఆపాలో తెలుసుకోవడం. అన్నిటికంటే కష్టం అదే. ఉక్కు పలచబడే కొద్దీ దాని చప్పుడు సన్నబడుతూ పోతుంది. ఒక చోట ఆపాలి. ఇంకొక్క వంతు లాగితే అంచు చిట్లుతుంది. అన్నదమ్ములిద్దరిలో ఆ చోటు నాన్నకే తెలిసేది. తను లాగుతున్నంతసేపూ, అన్న లాగుతున్నప్పుడూ, నాన్న ఒకటే స్వరంలో సన్నగా కూనిరాగం తీసేవాడు. కత్తి చప్పుడు వచ్చి ఆ స్వరంలో కలిసిందంటే, ఇద్దరి వంతులూ సరిపోయేలా చూసుకుని, "చాలు" అనేవాడు. పెద్దనాన్న ఎప్పుడూ "ఇంకొక్కటి" అనే రకం.

"ఆ స్వరం నాకు గుర్తు లేదు," అన్నాడు పెద్దనాన్న, సిగ్గుపడుతున్నట్టు. "రోజూ విన్నదే. అందుకే వినలేదేమో."

గడుగ్గాయికి గుర్తుంది. గుమ్మం మీద తల పెట్టుకుని నిద్రలోకి జారేటప్పుడు ఆఖరున వినిపించేది అదే. వీధిలో నడుస్తూ ఆ కూనిరాగం తీసింది. తలుపు తాళం తిప్పుతూ అదే రాగం తీసింది. సెలూనులో ఆ రాగం అందుకుంటే బెంచీ మీది వాళ్ళు ఒకరి తరవాత ఒకరు నిద్రపోయారు. ఒక తెల్లవారుజామున కలలో నాన్న వీపు కనిపించింది. ఎంత పిలిచినా తిరగలేదు, కూనిరాగం మాత్రం ఆపలేదు. లేచాక ఆ స్వరం ఇంకా చెవిలో ఉంది. పళ్ళు తోముకుంటున్నంతసేపూ అది పోకుండా పట్టుకుంది.

ఆ రోజే షెడ్డుకు వెళ్ళింది. వాన రేకుల మీద మెత్తగా పడుతోంది. "పెద్దనాన్నా, అటక మీది కత్తి తియ్యి," అంది.

ఆయన ఆమె మొహం చూసి స్టూలు ఎక్కాడు. నూనె గుడ్డ విప్పాడు. కత్తి ఆ మధ్యాహ్నం ఎలా ఉందో అలాగే ఉంది, ఒక మచ్చ లేదు. కొత్త బెల్టు ఎక్కించాడు. మిషను వేశాడు.

సరిగ్గా అప్పుడే ఇంట్లోంచి పెద్దమ్మ కేక వినిపించింది. "భోజనానికి రండి, చల్లారిపోతోంది."

పెద్దనాన్న చెయ్యి గాల్లోనే ఆగింది. తిండి దగ్గర ఆలస్యమంటే పడని మనిషి ఆయన, పిలిచాక రెండో పిలుపు దాకా ఎప్పుడూ ఉండలేదు.

"చల్లారనీ," అన్నాడు, కత్తి కేసి చూస్తూ. బెల్టుకు ఆనించాడు.

రెండేళ్ళు ఆలస్యంగా పెద్దనాన్న తన వంతు లాగాడు. కత్తి ఎక్కడా వణకలేదు. నీళ్ళలో ముంచి, తుడిచి, ఎడమ పక్క పలక మీద పెట్టాడు. అలవాటు కొద్దీ నోట్లోంచి మాట జారింది.

"తమ్ముడూ, నీ వంతు."

అన్నాక ఆయన అలాగే నిలబడిపోయాడు. గడుగ్గాయి మిషను ఎడమ పక్కకి వెళ్ళింది. అక్కడ సిమెంటు నేల నాన్న పాదాలు నిలిచి నిలిచి నున్నగా అరిగింది. చెప్పులు విడిచి ఆ చోట నిలబడి, కత్తి తీసుకుంది.

ఎడమ చేత్తో తన వైపుకి లాగింది. నడుము ఊగింది. నాన్న స్వరం గొంతులోంచి దానంతట అదే వచ్చింది. కత్తి చప్పుడు ఆ స్వరానికి ఇంకా కాస్త కిందనే ఉంది. పిడి పక్క నుంచి కొన దాకా ఎక్కడా ఆగకుండా లాగి, ముంచి, తుడిచి, కుడి పక్క పలక మీద పెట్టింది. బుగ్గ మీద చిన్న గతుకు లేదు.

"నీ వంతు పెద్దనాన్నా," అంది.

ఆయన తీసుకున్నాడు, లాగాడు. ఆమె కూనిరాగం తీస్తూనే ఉంది. ఆయన కత్తి చప్పుడు సన్నబడుతూ, సన్నబడుతూ వచ్చి, కొన దగ్గర ఆమె గొంతులో కలిసిపోయింది. ఏది ఉక్కో ఏది గొంతో ఒక్క క్షణం ఆమెకే తెలియలేదు. కళ్ళు మూసుకుంటే తల కింద గుమ్మం చెక్క తగిలినట్టే ఉంది.

ఆయన కత్తి పలక మీద పెట్టాడు. "నీ వంతు," అన్నాడు. మొహం వెలిగిపోతోంది. ఇన్నాళ్ళకి ఆయన మొహంలో వెలుగు చూడడం ఆమెకు ఎంతో బాగుంది.

ఆమె కత్తి ముట్టుకోలేదు. "చాలు పెద్దనాన్నా."

"ఇంకొక్కటి. నువ్వొకటి, నేనొకటి."

"చాలు."

"ఇంకా ఉక్కుందే. చూడు, ఒక్కటంటే ఒక్కటి." ఆయన గొంతు చిన్నపిల్లాడిలా బతిమాలుతోంది. ఆమెకూ లాగాలనే ఉంది. ఇంకొక్క వంతు లాగితే ఇంకొక్కసారి ముగ్గురూ ఆ గదిలో ఉంటారు. కానీ కత్తి ఉండదు. గడుగ్గాయి ఎడమ చెయ్యి చాచి మిషను ఆపేసింది.

బెల్టు ఒక్కసారిగా ఆగదు. హోరు తగ్గి, చప్పుడు తగ్గి, నెమ్మదించి, ఆఖరి చుట్టు తిరిగి నిలిచింది. పలక మీద కత్తి పూర్తయి ఉంది, రెండు బుగ్గలతో. బయట వాన వినిపించింది. పెద్దమ్మ రెండోసారి పిలుస్తోంది.

పెద్దనాన్న ఆగిన బెల్టు మీద చెయ్యి వేసి, ఆమె నిలబడ్డ చోటు కేసి చూశాడు.

"వాడూ ఇంతే," అన్నాడు. "ఇంకొక్క వంతుందిరా అంటే వినేవాడు కాదు. ఎప్పుడూ నాకంటే ముందే ఆపేసేవాడు."